సెలవు చుట్టు

జగ్గయ్యపేటలో మైకు సెట్లు అద్దెకిచ్చేవాళ్ళం ఆరుగురం ఉండేవాళ్ళం. మిగిలిన అయిదుగురూ డీజే బాక్సుల్లోకి దిగి బాగుపడ్డారు. నేనొక్కణ్ణే రెండు హారన్లు, ఒక యాంప్లిఫయరు, జలుబు చేసినట్టు గరగరమనే మైకు పెట్టుకుని ఇరవై రెండేళ్ళు ఒక రంగులరాట్నం వెనకాల తిరిగాను. మా ఆవిడ కృష్ణప్రియ దీన్ని బుద్ధి తక్కువతనం అంటుంది. కాదని నేనెప్పుడూ వాదించలేదు. ఆ రాట్నం మొహిద్దీన్ బాబాయిది. ఆయన పిలుపు వినడానికి పిల్లలు పక్క ఊళ్ళ నుంచి నడిచి వచ్చేవాళ్ళు. ఆ పిలుపు నా మైకులోంచే పోతుంది కదా అని నాకో గర్వం. గర్వానికి కూలి గిట్టదు, అది వేరే సంగతి.

మొహిద్దీన్ బాబాయ్ మొదట్లో లారీలకి రంగులు వేసేవాడు. పుట్టింది నందిగామలో. పని చేసిందంతా చిల్లకల్లు దగ్గర హైవే పక్క షెడ్లలో. లారీ తలుపు మీద ఓనరు పిల్లల పేర్లు, వెనకాల తామర పువ్వు, నెమలి, కింద హారను కొట్టమని ఒక మాట. ఆయన రాసిన అక్షరం చూస్తే అచ్చు వేసినట్టుండేది. తర్వాత స్టిక్కర్లు వచ్చాయి. అరగంటలో కోసి అంటించేసేవాడికి, రెండు రోజులు కుంచె పట్టుకుని కూర్చునేవాడికి పోటీ ఏముంటుంది? షెడ్డు ఖాళీ అయింది. ఆ ఏడాది పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో ఒక ముసలాయన, ఇక తిరగలేను, ఈ రాట్నం ఎవరన్నా తీసుకుపోండయ్యా అని అడుగుతుంటే, బాబాయ్ తన పాత వ్యాను ఆయన చేతిలో పెట్టి రాట్నం తెచ్చుకున్నాడు. పదహారు కొయ్య గుర్రాలు, ఒక మోటారు, బోలెడంత తుప్పు.

మొదటి ఏడాది ఎవరూ ఎక్కలేదు. ఎందుకెక్కుతారు? పక్కన జెయింట్ వీలు ఆకాశంలో తిరుగుతుంటే, ఆ పక్కన బావిలో మోటారు సైకిలు గోడలెక్కుతుంటే, నేల మీద గుండ్రంగా తిరిగే చెక్క గుర్రాన్ని ఎవరు చూస్తారు? వేదాద్రిలో ఒక సాయంత్రం ఆయన బీడీ కాలుస్తూ నాతో అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది.

"ఒకసారి ఎక్కినోడు బేరం హరీ. మళ్ళా వచ్చినోడు చుట్టం. నాకు చుట్టాలు కావాలి."

"చుట్టాలైతే ఊరికే ఎక్కుతానంటారు బాబాయ్," అన్నాను.

ఆయన నవ్వలేదు. మర్నాడు రంగు డబ్బాలు బయటికి తీశాడు.

ముందు గుర్రాలకి పేర్లు పెట్టాడు. కలెక్టరు, గవర్నరు, పెళ్ళికొడుకు, మిరపకాయ, రాకెట్టు, ఇలా పదహారు. అన్నీ ఒకే ఇరుసుకి బిగించినవి. ఒకదాన్ని మించి ఒకటి పరిగెత్తే మార్గం లేదు. అయినా రాకెట్టు ఎక్కినవాడు కలెక్టరుని ఓడించానని ఊరంతా చెప్పుకునేవాడు. తర్వాత ఒక నియమం పెట్టాడు. ఒక ఊరి తిరునాళ్ళలో మూడేళ్ళు వరుసగా ఒకే గుర్రం ఎక్కిన పిల్ల అయినా పిల్లవాడయినా, ఆ ఊళ్ళో ఆ గుర్రం వాళ్ళదే. గుర్రం పొట్ట కింద వాళ్ళ పేరు, ఊరి పేరు సన్నటి కుంచెతో రాసేవాడు. లారీ మీద పేరు రాయించుకునే ఓనరు ఎంత మురిసేవాడో, పొట్ట కింద పేరు పడిన పిల్లవాడు దానికి పదింతలు మురిసేవాడు. రాట్నం దిగీ దిగగానే నేల మీద వెల్లకిలా పడుకుని తన పేరు చూసుకునేవాడు. కొత్త బట్టలకి మట్టి అయిందని తల్లి వీపు మీద ఒకటి వేసేది. మర్నాడు చెల్లెల్ని తీసుకొచ్చి చూపించేవాడు.

ఇక పిలుపు. అది ఆయన సొంత సొత్తు. తిరునాళ్ళకి వారం ముందు మోపెడ్ మీద ఆ ఊరు వెళ్ళి టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు. "వార్తలకి పోతున్నా," అనేవాడు. ఎవరికి పన్ను ఊడింది, ఎవరు హాస్టల్లో చేరారు, ఎవరు మామిడి చెట్టెక్కి చెయ్యి విరగ్గొట్టుకున్నారు, ఎవరి ఇంట్లో గేదె ఈనింది. అన్నీ కడుపులో దాచుకుని వచ్చి మైకు పట్టేవాడు. "మిరపకాయ గుర్రం గడ్డి మానేసి కూర్చుందండి. రెండు పళ్ళు పోగొట్టుకున్న సల్మా అమ్మాయిగారు ఎక్కడున్నా రావాలి." గుంపులోంచి ఆ పిల్ల "వచ్చా తాతా" అని అరవాలి. అరిచేదాకా మూడుసార్లు పిలుస్తాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆయన నోటికి ఇరవై ఊళ్ళు మంచివయ్యాయి. జెయింట్ వీలు వాళ్ళు వచ్చి మా పక్కన చోటు అడిగే రోజులు చూశాను.

పిల్లవాడికి పన్నెండేళ్ళు నిండితే సెలవు చుట్టు ఉండేది. ఆ రోజు అందరూ దిగిపోవాలి. మోటారు బెల్టు తీసేస్తారు. ఆ పిల్లవాడొక్కడే తన గుర్రం మీద కూర్చుంటాడు. తండ్రి చేత్తో రాట్నం తోస్తాడు. మూడు చుట్లు. మూడో చుట్టు అయ్యాక బాబాయ్ మైకులో, "దిగండి దొరగారూ, మీరు పెద్దవాళ్ళయ్యారు," అంటాడు. పిల్లవాడు దిగి దణ్ణం పెడతాడు. గుర్రం పొట్ట కింద పేరు మీద రంగు పూసేస్తారు, ఇంకొకళ్ళకి చోటు కావాలి కదా. ఏడవని పిల్లల్ని నేను పెద్దగా చూడలేదు. తోసే తండ్రులు మాత్రం ఎటో చూస్తూ తోసేవాళ్ళు. అలా సెలవు తీసుకున్నవాళ్ళే పెళ్ళిళ్ళయ్యాక తమ పిల్లల్ని చంకనేసుకుని వచ్చి, "మొహిద్దీన్ తాతా, మావాడికి నా గుర్రమే కావాలి," అనేవాళ్ళు. అప్పుడు ఆయన నా వైపు చూసి కనుబొమలు ఎగరేసేవాడు. చుట్టాలు అంటే ఇదీ అని.

చిల్లకల్లు దాటాక ఒక చిన్న పల్లె ఉంది. పేరు చెప్పను. చెబితే ఆ తల్లికి మళ్ళీ పరామర్శలు మొదలవుతాయి. ఊరు హైవేకి ఒక పక్క, పొలాలు రెండో పక్క. ఫిబ్రవరిలో వాళ్ళ చర్చి పండగ. అక్కడ ఎడ్విన్ అనే పిల్లవాడు ఉండేవాడు. తండ్రి ఏసురత్నం ట్రాక్టరు తోలుతాడు. తల్లి ఫ్లోరెన్స్ పత్తి తీతకి, మిరప కోతకి పోతుంది. వెనక ఒక చెల్లెలు, జాయిస్.

ఎడ్విన్ అయిదేళ్ళప్పుడు మొదటిసారి వచ్చాడు. మా గుర్రాల్లో తాసీల్దారని ఒకటుండేది. అద్దె వ్యానులోంచి దించేటప్పుడు దాని చెవి ఒకటి విరిగింది. ఎవరూ ఎక్కేవాళ్ళు కాదు. వాడు నేరుగా దాని దగ్గరికి వెళ్ళి మెడ పట్టుకున్నాడు.

"రాకెట్టు ఖాళీగా ఉంది దొరగారూ," అన్నాడు బాబాయ్.

"దీన్ని ఎవురూ ఎక్కట్లేదు గదా తాతా. నేనెక్కుతా," అన్నాడు వాడు.

బాబాయ్ ఆ రోజంతా ఆ మాటే చెప్పుకున్నాడు. నాకు పదిసార్లు చెప్పాడు, ఇంటికెళ్ళాక రహీమాబీ పిన్నికి ఎన్నిసార్లు చెప్పాడో. మూడేళ్ళకి తాసీల్దారు పొట్ట కింద ఎడ్విన్ పేరు పడింది. వాడికొక అలవాటు ఉండేది. పిలిస్తే పలికేవాడు కాదు. తల్లి కొంగు వెనకాల దాక్కుని, మూడోసారి పిలిచాక ఒక్క ఉదుటున బయటికి దూకి, "వచ్చా తాతా," అనేవాడు. ఫ్లోరెన్స్ రాట్నం అంచున నిలబడి రెండో చుట్టుకే మొదలుపెట్టేది. "చాలు ఆపండి బాబాయ్ గారూ, వాడికి కళ్ళు తిరుగుతాయి." బాబాయ్ మైకులోనే జవాబిచ్చేవాడు. "తాసీల్దారు గారికి కళ్ళు తిరగవమ్మా, ఆఫీసు చుట్టూ తిరిగే జనాలకే తిరుగుతాయి." జనం విరగబడి నవ్వేవాళ్ళు. ప్రతి ఏడూ అదే మాట, అదే జవాబు, అదే నవ్వు.

ఇక నేను చెప్పుకోవడానికి ఇష్టం లేని భాగం చెప్పాలి.

ఆ ఏడాది జనవరి చివర్లో రహీమాబీ పిన్నికి కంటి ఆపరేషను అయింది. విజయవాడ తిప్పడంతోనే బాబాయికి రోజులు గడిచిపోయాయి. చర్చి పండగ రోజు పొద్దున వ్యానులో కూర్చున్నాక అన్నాడు.

"వార్తలకి వెళ్ళలా హరీ. దిగంగానే ముందు టీ కొట్టు కాడ కాసేపు కూచుంటా. ఆ తర్వాత బిగిద్దాం."

నాకు తొందర. మర్నాడు రెడ్డిగూడెంలో పెళ్ళి మైకు ఒప్పుకున్నాను. ఎండెక్కకముందే రాట్నం లేపాలి, హారన్లు కట్టాలి.

"ఏడాదిలో ఏం మారిపోతాయి బాబాయ్? పేర్లన్నీ గుర్రాల కిందే ఉన్నాయిగా. చూసి పిలువు," అన్నాను విసుగ్గా.

ఆయన ఒక నిమిషం ఆలోచించి సరేనన్నాడు. ఆ సరే ఆయనది కాదు, నాది. అంతకుముందు దసరా సెలవుల్లో హైవే మీద ఒక పిల్లవాణ్ణి ఏదో బండి గుద్ది పోయిందని నేను విన్నాను కూడా. హైవే పక్క బతికేవాళ్ళకి అలాంటి మాటలు నెలకొకటి చెవిన పడుతూనే ఉంటాయి. ఏ ఊరని అడిగాను కాని, ఎవరి పిల్లవాడని అడగలేదు.

మధ్యాహ్నం నాలుగింటికి చర్చి ముందు జనం పలచబడి రాట్నం దగ్గరికి చేరారు. బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని, వంగి గుర్రాల కింద పేర్లు చూసుకున్నాడు. ఇద్దర్ని పిలిచాడు. వచ్చారు, ఎక్కారు. మూడోది తాసీల్దారు.

"ఎడ్విన్ దొరగారూ, తాసీల్దారు గారు ఫైళ్ళన్నీ పక్కన పడేసి మీ కోసం చూస్తున్నారండి."

జవాబు లేదు. ఆయనకి అనుమానం ఎందుకొస్తుంది? వాడు మొదటి పిలుపుకి ఎప్పుడు పలికాడు గనక? గుంపులో ముందు వరసలో ఫ్లోరెన్స్ నిలబడి ఉంది. జాయిస్ చెయ్యి పట్టుకుని ఉంది. బాబాయ్ ఆమెను చూశాడు. చూసి నవ్వాడు.

"ఎడ్విన్ దొరగారూ, పోయినేడు కాళ్ళు అందలేదు. ఈ ఏడు అందుతాయో లేదో చూడాలి, రావాలండి."

జనంలో గుసగుస ఆగిపోయింది. నేను వైర్లు సర్దుతూ తల ఎత్తాను. ఏదో తేడాగా ఉందని నాకు అనిపించింది. అనిపించేలోపలే మూడో పిలుపు అయిపోయింది.

"అమ్మ కొంగు వెనకాల దాక్కుంటే కుదరదు దొరగారూ. నాకు కనపడుతున్నారు."

ఫ్లోరెన్స్ వెనక్కి తిరిగి చూసింది.

అది నేను చూశాను. నా బతుకులో అంతకంటే ఘోరం చూడలేదు. ఆమె నిజంగానే, కొంగు ఒక చేత్తో పట్టుకుని, వెనక్కి తిరిగి కిందికి చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఆమె మళ్ళీ ముందుకి తిరిగి, జాయిస్ని ఎత్తుకుని ఇంటి వైపు నడిచింది. ఏసురత్నం గుంపు చీల్చుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. యాంప్లిఫయరులోంచి మైకు వైరు పీకాడు. పీకినదాన్ని చేతికి చుట్టి, చుట్ట చేసి, నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఎవరో ముసలాయన బాబాయ్ చెవిలో చెప్పాడు. దసరా సెలవుల్లో, రోడ్డు అవతల పత్తి చేలో ఉన్న తల్లికి అన్నం క్యారేజీ పట్టుకెళ్తూ రోడ్డు దాటుతుంటే జరిగిందట. బాబాయ్ మైకు పట్టుకునే నేల మీద కూర్చుండిపోయాడు. గుర్రాల మీద ఇద్దరు పిల్లలు రాట్నం ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నారు. వాళ్ళను దించి, డబ్బులిచ్చి, ఇంకా ఎండ ఉండగానే అన్నీ విప్పేశాం.

ఆ తర్వాత ఆయన మైకు పట్టుకోలేదు. నేనెంత చెప్పినా వినలేదు. పెన్‌డ్రైవులో పాటలు పెట్టమన్నాడు. ముక్త్యాల తిరునాళ్ళలో ఒక పిల్ల రాట్నం ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "నన్ను పిలిస్తేనే ఎక్కుతా," అంది. బాబాయ్ తల తిప్పుకున్నాడు. ఆ పిల్ల చాలాసేపు నిలబడి, గాలి నింపిన పరుపుల మీద గెంతే చోటికి వెళ్ళిపోయింది. అలా ఊరూరా ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. పేరు పిలవకపోతే మా రాట్నంలో ఏముంది? నేల మీద గుండ్రంగా తిరిగే చెక్క గుర్రం. మొదటి ఏడాదికి తిరిగొచ్చాం.

ఆయనకి దాని బాధ కూడా లేదు. ఆయన బాధ వేరు. మూడుసార్లు మోపెడ్ మీద ఆ పల్లె మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడని రహీమాబీ పిన్ని చెప్పింది.

"క్షమించమని అడగాలంటాడు. అడిగితే మళ్ళా ఆ పేరెత్తాలిగా అంటాడు. ఇంట్లో కూడా మాటలు తగ్గించేశాడు హరీ. నన్నూ పేరు పెట్టి పిలవటం మానేశాడు," అంది.

తప్పు నాది పిన్నీ, అని ఆ రోజు చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. బాబాయికి తెలుసు. ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనకపోవడంతోనే నాకు అర్థమయ్యేది.

మళ్ళీ జనవరి వచ్చింది. చర్చి వాళ్ళు ఫోన్ చేస్తే బాబాయ్ రానన్నాడు. వారం తర్వాత, ఒక ఆదివారం పొద్దున, నేను వాళ్ళింట్లో టీ తాగుతుండగా గుమ్మం ముందు షేర్ ఆటో ఆగింది. ఫ్లోరెన్స్ దిగింది, వెనకాలే జాయిస్. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. బాబాయ్ లేచి నిలబడ్డాడు. తిట్టడానికి వచ్చిందనే ఇద్దరం అనుకున్నాం. ఏడాది నుంచి ఆ తిట్లకే కాచుకుని ఉన్నాం.

రహీమాబీ పిన్ని కుర్చీ వేసింది. ఫ్లోరెన్స్ కూర్చోలేదు.

"పండక్కి రానన్నారంట," అంది.

"ఏ మొహం పెట్టుకుని రానమ్మా," అన్నాడు బాబాయ్. "నేను చేసిన పనికి..."

"ఆ రోజు మీరు పిలిచినాక ఇంటికెళ్ళి తలుపేసుకున్నా. చాలా తిట్టుకున్నా మిమ్మల్ని. అబద్ధం ఎందుకు చెప్పాలి." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "తర్వాత నెలలు గడిచాయండి. మా ఇంటికి ఎవురొచ్చినా వాడి పేరెత్తరు. చర్చిలో ఎత్తరు. బడి పక్కగా పోతుంటే మాస్టారు మాట మారుస్తారు. మా ఆయనైతే అసలెత్తడు. నేను ఏడుస్తానని అందరికీ భయం. వాడు పోయినాక వాడి పేరు గట్టిగా పిలిచింది మీరొక్కరే బాబాయ్ గారూ. ఉన్నట్టే పిలిచారు. ఒక్క క్షణం ఉన్నాడనే అనుకున్నా, వెనక్కి తిరిగి చూశా."

జాయిస్ వరండా మూల పట్టా కింద ఉన్న గుర్రాల్ని చూస్తోంది.

"ఇది తాసీల్దారు ఎక్కుతానంటంది. అన్న సెలవు తీసుకోకుండా ఎక్కకూడదంట, తనే చెబుతోంది," అంది ఫ్లోరెన్స్. "వాడికి సెలవు చుట్టు చెయ్యండి."

అప్పుడు బాబాయ్ అన్న మాటకి నాకు ఒళ్ళు మండింది. ఆయన కాదనలేక, అవుననే ధైర్యం లేక, తన నియమం వెనకాల దాక్కున్నాడని ఇప్పుడు అర్థమవుతోంది.

"అది పన్నెండేళ్ళు నిండినోళ్ళకే చేస్తానమ్మా," అన్నాడు.

"మొన్న జనవరి తొమ్మిదికి నిండాయండి," అంది ఫ్లోరెన్స్.

రహీమాబీ పిన్ని వంటింట్లోకి వెళ్ళిపోయింది. బాబాయ్ కండువాతో మొహం కప్పుకున్నాడు. ఆ కండువాలోంచే సరేనమ్మా అన్నాడు.

పండగకి వారం ముందు ఆయన మోపెడ్ మీద వార్తలకి వెళ్ళాడు. ఏడాది తర్వాత మొదటిసారి. ఏం వార్తలు తెచ్చాడో నాకు చెప్పలేదు.

పండగ రోజు పొద్దున్నుంచీ రాట్నం తిప్పలేదు. ముందు ఎడ్విన్‌ది అవ్వాలన్నాడు. నాలుగింటికి చర్చిలో పూజ ముగిసింది. జనం వచ్చారు కాని దగ్గరికి రాలేదు, ఎడంగా నిలబడ్డారు. ఊరందరికీ తెలిసిపోయింది. ఫ్లోరెన్స్ ముందుకి వచ్చి, ఎప్పుడూ నిలబడే అంచునే నిలబడింది. పక్కన జాయిస్. ఏసురత్నం లేడు.

"ఆయనకి చెప్పానండి. ఏం అనలేదు," అంది.

నేను మోటారు బెల్టు తీసేశాను. బాబాయ్ తాసీల్దారు వీపు మీద దుమ్ము తన కండువాతో తుడిచి, వచ్చి మైకు పట్టుకున్నాడు. మైకు పళ్ళకి తగిలి హారన్లలో టకటకమంది.

"ఎడ్విన్ దొరగారూ," అన్నాడు. హారన్లలోంచి ఆ పేరు హైవే అవతలి చేలదాకా పోయింది. "అయిదో తరగతిలో లెక్కల్లో ఫస్టు వచ్చిన ఎడ్విన్ దొరగారూ. చెవి లేని గుర్రాన్ని ఎవరూ ఎక్కట్లేదని ఎక్కిన ఎడ్విన్ దొరగారూ. మీకు పన్నెండేళ్ళు నిండాయి. తాసీల్దారు గారు సిద్ధంగా ఉన్నారు."

మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ పేరు పూర్తిగా పలికాడు, ఎక్కడా మింగలేదు. ఫ్లోరెన్స్ ఈసారి వెనక్కి తిరగలేదు. కొంగు మాత్రం వెనక్కి చాపి పట్టుకుంది.

ఇప్పుడు తోయాలి. తండ్రి తోయాలి. బాబాయ్ నా వైపు చూశాడు. నేను తోస్తాననుకుంటూ లేచాను. నాకు ఆ బాకీ ఉంది. ఇనుప కమ్మి మీద చెయ్యి వేశానో లేదో, నా చెయ్యి పక్కన ఇంకో చెయ్యి పడింది. గ్రీజు మరకల చెయ్యి. ఏసురత్నం నన్ను చూడలేదు. భుజంతో నన్ను కొంచెం పక్కకి జరిపాడు. నేను తప్పుకున్నాను.

ఆయన తోశాడు. రాట్నం మెల్లగా కదిలింది. పదిహేను గుర్రాలు, ఒక ఒంటి చెవి గుర్రం, అన్నీ ఖాళీగా తిరిగాయి. ఒక చుట్టు. ఊరంతా నిలబడి ఆ ఒక్క గుర్రాన్నే చూస్తోంది. రెండు. ఒక ముసలామె శిలువ గుర్తు వేసుకుంది. మూడు.

మూడో చుట్టు అయ్యాక బాబాయ్ దిగమనాలి. మైకు నోటి దగ్గరే ఉంది. ఆయన పెదాలు కదిలాయి కాని మాట రాలేదు. ఇరవై ఊళ్ళ పిల్లలకి చెప్పిన మాటే, వందలసార్లు చెప్పిన మాటే. దిగండి దొరగారూ. అది అంటే అయిపోయినట్టే.

పిలుపు రాలేదు గనక ఏసురత్నం ఆపలేదు. నాలుగు. అయిదు. తల వంచుకుని, కమ్మి మీద రొమ్ము ఆనించి తోస్తూనే ఉన్నాడు. ఇంకా గట్టిగా తోస్తున్నాడు. ఆయన చెప్పులు జారిపోయాయి. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఏడు. ఎనిమిది. ఎవరు ఆపాలి? నావల్ల కాలేదు. బాబాయ్ మైకు కిందికి దించేశాడు. ఆయన కళ్ళు నీళ్ళతో మసకబారాయి. ఆ తండ్రి ఇలా సాయంత్రం దాకా తోస్తాడని, మేమంతా ఇలాగే చూస్తూ నిలబడతామని అనిపించింది.

అప్పుడు ఫ్లోరెన్స్ అంచు దాటి లోపలికి వచ్చింది. తిరుగుతున్న గుర్రాల మధ్యలో మొగుడి పక్కన రెండడుగులు నడిచి, ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

"చాలయ్యా, ఆపు," అంది. "వాడికి కళ్ళు తిరుగుతాయి."

ఏసురత్నం చెయ్యి తీశాడు. రాట్నం దానంతట అదే ఇంకో అర చుట్టు తిరిగి ఆగింది.